మా అవ్వది పీరు పేరు

మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం. మా అవ్వ పోయిన తొమ్మిదో రోజు పొద్దున స్కూటీ మీద బడికి వెళ్తుంటే బైపాసు మలుపులో ఒక ఫ్లెక్సీ కనిపించింది. కనిపించకుండా ఎలా ఉంటుంది, లారీ అంత ఉంది. అందులో మా అవ్వ. ముక్కుపుల్ల, చెంప మీద చిన్నప్పుడు కాలిన మచ్చ, కెమెరాను ఎన్నడూ నమ్మని ఆ చూపు. పక్కన చేతులు జోడించి ప్లాట్ల వ్యాపారం చేసే మా అన్న. పైన వరసగా గుండ్రటి బొమ్మల్లో ఆయన ఎవరి వెంట తిరుగుతాడో ఆ నాయకులు. అవ్వ తలకంటే వాళ్ల తలలే పెద్దవి. అంతవరకు నేను ఊహించిందే. ఊహించనిది కింద ఉంది. "మా మాతృమూర్తి" అని రాసి, ఎర్ర అక్షరాలతో ఉష అని మొదలుపెట్టి దేవి అని ముగించారు.

మా అవ్వ పేరు ఉష కాదు. డెబ్బై ఆరేళ్ల బతుకులో ఎవరూ ఆమెను ఆ పేరుతో పిలవలేదు. ఆమెది పీరు పేరు. హుస్సేను అన్న మాటకు అమ్మ అని తగిలించి పెట్టిన పేరు. ఊళ్లో ఎవరి నోటా 'హ' పలకదు కాబట్టి అందరికీ ఆమె ఉసేను.

బండి పక్కకు ఆపాను. ఫ్లెక్సీ మూలన దుకాణం నంబరు ఉంది. అచ్చుతప్పేమోనన్న ఆశతో ఫోన్ చేశాను.

"తప్పేం పడలే మేడమ్," అన్నాడు దుకాణం యజమాని. "మీ అన్ననే రాసిచ్చిండు. ఆధార్ల వేరే ఉన్నది గద సార్ అని నేనే అడిగిన. ఫ్లెక్సీకి ఆధార్ ఎందుకు, చెప్పింది కొట్టు అన్నడు."

"దినాల కార్డులు గూడ గట్లనే కొట్టిన్రా?"

"అవి మొన్ననే పంచిన్రు మేడమ్."

నా కార్డు నాకు రాలేదు. ఇంటి ఆడబిడ్డకు కార్డు ఎందుకని ఇవ్వలేదనుకున్నాను. ఎందుకు ఇవ్వలేదో అప్పుడు తెలిసింది.

ఆ పేరు ఎట్లా వచ్చిందో మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. మా అన్నకు నాకంటే బాగా తెలుసు. మా అమ్మమ్మది ధూళిమిట్ట వైపు ఒక చిన్న ఊరు. ఆమెకు మొదట ముగ్గురు పిల్లలు పుట్టి, ఏడాది నిండకముందే ఒకరి వెనక ఒకరు పోయారు. నాలుగోసారి కడుపుతో ఉన్నప్పుడు పీర్ల పండుగ, మొహర్రం వచ్చింది. ఆ ఊళ్లో ముస్లింల ఇళ్లు రెండే. పీర్ల ముందు గుండం తవ్వేదీ, రొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టేదీ, డప్పు కొట్టేదీ మిగతా ఊరంతా. పీరు పంజాను ఎత్తుకున్నది మా తాతకు మేనమామ వరస, కల్లు గీసే మనిషి. అమ్మమ్మ ఆయన కాళ్ల మీద బిందెడు నీళ్లు పోసి, ఈ పిల్ల బతికితే నీ పేరే పెట్టుకుంటనని పీరుకు మొక్కింది. పిల్ల బతికింది. పేరు పెట్టారు. అంతే కథ. ఆ పిల్ల బతకబట్టే మా అన్న ఉన్నాడు, నేనున్నాను, ఆ ఫ్లెక్సీ కూడా ఉంది.

పేరు వెనక కథ తెలుసు గాని, పేరుకు అర్థం నాకు నలభై దాటేదాకా తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. తెలుగు చెప్పే టీచర్ని, పద్యంలో ప్రతి మాటకూ అర్థం రాయిస్తాను, కన్నతల్లి పేరుకు అర్థమేమిటో అడగలేదు. చెప్పింది మా బడిలో ఉర్దూ టీచర్. నాకంటే పదేళ్లు పెద్దది. మధ్యాహ్నం పూట స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరం డబ్బాలు విప్పుకుని ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఒకరోజు నేను హాజరు పట్టీ దిద్దుకుంటూ, "పర్వీన్ అంటే ఏంది మేడమ్, మా క్లాసులోనే నలుగురున్నరు," అని మాటవరసకు అడిగాను.

"చుక్కలు. ఆకాశంల గుంపుగా ఉంటయి సూడుండ్రి, ఆరేడు."

"పిల్లలకోడా!"

ఆమెకు ఆ మాట తెలియదు. కృత్తికలను మా పల్లెల్లో పిల్లలకోడి అంటారని, కోడి చుట్టూ పిల్లలు తిరిగినట్టు ఉంటాయని చెప్పాను. ఆమె చేయి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంట్లో తన చెల్లెలి పేరు అదేనట. "సాయంత్రం పోయి దాన్ని పిల్లలకోడీ అని పిలుస్త," అంది.

ఆ రోజు నుంచి అదొక అలవాటైపోయింది. రోజుకో పేరు అడిగేదాన్ని. షబ్నమ్‌లో షబ్ అంటే రాత్రి, నమ్ అంటే తడి. రాత్రి తడి కాబట్టి మంచు. అది ఫారసీ. నస్రీన్ కూడా ఫారసీయే, తెల్లగా పూసే ఒక అడవి గులాబీ. సుహైల్ అరబ్బీ, దక్షిణాన కనిపించే పెద్ద చుక్క, మనం అగస్త్యుడు అంటామే, అది. మెహరున్నీసాలో సగం ఫారసీ, సగం అరబ్బీ: ముందున్న మెహర్ అంటే సూర్యుడూ అవుతుంది, ప్రేమా అవుతుంది, వెనకున్న నిసా అంటే ఆడవాళ్లు. ఖదీజా అంటే నెలలు నిండకముందే పుట్టిన పిల్ల అట. అంత గొప్ప పేరు వెనక అంత చిన్న ప్రాణం ఉందని అనుకోలేదు. ఆయిషా అంటే బతికున్నది, బతుకుతున్నది అని అర్థమట.

"మాకు బతుకమ్మ ఉన్నది గద, గదే," అన్నాను.

"అంతే టీచర్. ఏ తల్లికైనా పిల్ల బతకాలె. ఏ భాషైతేంది."

అప్పుడే మా అవ్వ పేరు చెప్పాను. నాకు సిగ్గేసింది, అది నిజం. ఇన్నేళ్లు పక్కన కూర్చుని తిన్నాను గాని మా అవ్వది పీరు పేరని ఆమెకు చెప్పలేదు. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని, నా హాజరు పట్టీ వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసి చూపించింది. హుస్న్ అంటే అందం. హసన్ అంటే అందమైనవాడు, మంచివాడు. అరబ్బీలో ఒక మాటను ముద్దు చేయాలంటే దాని నడుమ కొంచెం సాగదీస్తారట. హసన్‌ను అట్లా ముద్దు చేస్తే హుస్సేన్. అంటే చిన్న అందగాడు, ముద్దులయ్య. మేలు చేయడాన్ని ఎహసాన్ అంటారు, మేలు చేసేవాడు మొహసిన్. అవన్నీ ఒకే వేరు నుంచి మొలిచినవి. "మీ అమ్మది చాల మంచి పేరు," అంది.

ఆ సాయంత్రమే అవ్వ దగ్గరికి పోయాను. ఆమె అన్న ఇంట్లోనే ఉండేది. చింతపండు పిక్కలు తీస్తూ వాకిట్లో కూర్చుంది.

"అవ్వా, నీ పేరుకు అర్థం దొరికింది. చిన్న అందగాడు అని."

అవ్వ చేతిలో పిక్క పక్కన పడేసి నన్ను చూసింది. "ఎవలు జెప్పిన్రే?"

"ఉర్దూ టీచర్ చెప్పింది."

"మీ నాయిన ఉండంగ జెప్తే ఎంత బాగుండు! నల్లపిల్లను కట్టిన్రని నా పెండ్లినాడు వాళ్లమ్మ ఎంత సణిగిందో." పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది. తర్వాత వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. పాలమనిషికి చెప్పింది, పక్కింటి కోడలికి చెప్పింది. మా అన్నకూ చెప్పింది. అప్పుడు మా అన్న టీవీ చూస్తూ "సరేలే" అన్నాడు. నాకు గుర్తుంది.

ఆ మనిషికి, తన పేరును చూసుకుని అంత మురిసిన మనిషికి, చచ్చిపోయాక పేరు మార్చారు. అడ్డుచెప్పే నోరు లేనప్పుడు.

బడి వదలగానే నేరుగా అన్న ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని ఎల్లుండి వంటల గురించి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఫోన్ పెట్టేదాకా ఆగాను.

"ఏందన్నా గా ఫ్లెక్సీ?"

"ఏమైంది? మంచిగ రాలేదా?"

"ఉష ఎవలు?"

ఆయన లేచి వాకిలి తలుపు దగ్గరికి వేశాడు. "చెల్లె, జెర మెల్లగ మాట్లాడు. పెద్దమనుషులు వస్తరు దినాలకు. గా పేరు సూస్తే ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరు? అవ్వ పేరు అనుకుంటరు."

"తురకోల్ల పేరు అనుకుంటరు! నీకేం తెలుసు నేను పడేటిది? మొన్న మీటింగుల అందరి ముందట ఒగడు అడిగిండు, ఏమన్నా మీ అమ్మ అటు మనిషా అని. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఏం జేయాలె మరి?"

"వాని చెంప మీద ఒకటి ఇయ్యాలె."

"నువ్వు బడిల పిల్లలకు చెప్పుకుంట బతుకుతవు. నేను మందిల తిరగాలె."

ఇప్పుడు ఇది రాస్తుంటే ఆయన ముఖం నాకు కనిపిస్తుంది. నవ్వానని చెప్పినప్పుడు ఒక్క క్షణం ఆయన కళ్లు కిందికి దిగాయి. ఆ క్షణంలో నేను కాస్త మెత్తబడి ఉంటే ఏమయ్యేదో తెలియదు. నేను మెత్తబడలేదు.

"అమ్మను చూసి మంది నవ్వితే వాళ్లతోని కలిసి నవ్వినవా? నవ్వొచ్చి ఆమె పేరే తీసేసినవా? నువ్వు పొద్దుగూకులు అమ్మే జమీను ఎవరి మాటనుకున్నవు? ఫారసీ. నువ్వు పాతించే హద్దురాయిల హద్దు అరబ్బీ. నువ్వు సంతకాలు పెట్టించే దస్తావేజు, నువ్వు తిరిగే జిల్లా, అన్ని గాడికెల్లి వచ్చినయే. గవి నీ నోట్లె చేదుగ లేవు. ఒక్క అవ్వ పేరే చేదైందా?"

"నీ తెలుగు పాఠం ఈడ వద్దు."

"ఆమె నీ కోసం పీరుకు మొక్కు చెల్లించింది. నీకు మూడేండ్లప్పుడు జ్వరమొస్తే నిన్ను ఎత్తుకుని పీర్ల కింద దూరింది. మరి గదెట్ల తీసేస్తవు?"

ఆయన నా ముఖంలోకి చూడలేదు. "అయిపోయింది చెల్లె. కార్డులు పంచినం. ఇగ ఏం మాట్లాడకు," అని లోపలికి పోయాడు. వదిన మంచినీళ్లు తెచ్చింది. ముట్టకుండా వచ్చేశాను.

పదకొండో రోజు ఊళ్లో మా మెట్టపొలం, చెలక దగ్గర టెంట్లు వేశారు. టెంటు ముందు బైపాసు మీద ఉన్నలాంటి ఫ్లెక్సీయే మరొకటి. పోకూడదనుకున్నాను. పోకుంటే అవ్వకు పోనట్టవుతుందని పోయాను. కార్లు వచ్చాయి. తెల్ల చొక్కాలవాళ్లు దిగి, ఫోటోకు దండ వేసి, ఫోన్‌లో ఫోటో దిగి, తిని పోయారు. వాళ్లలో ఒక్కరు కూడా పేరు వంక చూడలేదు. ఇందుకోసమా ఇదంతా అనుకున్నాను. పళ్లు కొరుక్కుంటూ విస్తళ్లు వేశాను.

రెండు పంక్తుల మధ్య అవ్వ చిన్ననాటి స్నేహితురాలు వచ్చింది. ఆమెదీ అవ్వ వయసే. కర్ర పట్టుకుని, మనవరాలి భుజం మీద చేయి వేసి నడుస్తోంది. ఆమెకు చదువు రాదు. ఫోటో ముందు నిలబడి కళ్లు తుడుచుకుని, కింది అక్షరాలు చూపించి మనవరాలిని అడిగింది.

"ఏం రాసిన్రే?"

ఆ పిల్ల చదివింది.

"ఎవలు?"

పిల్ల మళ్లీ చదివింది.

ముసలామె వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా, మా అన్నను చూసి అడిగింది. "అయ్యా, నేను మా ఉసేను దినాలని వచ్చిన. ఈ ఉష ఎవలు బిడ్డా? ఇది ఎవలింటి పిండం?"

వంటల దగ్గరివాళ్లు గరిటెలు పట్టుకుని ఇటు తిరిగారు. అన్న ఏదో గొణిగాడు. "పెద్దమ్మా, గది... కాగితాలల్ల గట్ల ఉన్నది," అన్నాడు.

"ఏ కాగితం? అదీ నేను ఒక్కనాడే పుట్టినం. పీరు సావిట్ల మలీద ముద్ద పంచి దానికి పేరు పెట్టిన్రు, నా మూతికి గూడ ఇంత రాసిన్రట. కాగితం నాకు చెప్తవా?"

ఆమె తినలేదు. ఎంత బతిమాలినా కూర్చోలేదు. మనవరాలి భుజం పట్టుకుని వచ్చిన దారినే పోయింది. నేను వెనక పరుగెత్తి చెలక గట్టు దాకా పోయాను. ఆమె నా చేయి విడిపించుకుంది. "నీకు గూడ ఎరికే గద," అంది. నాకు రెండు రోజుల ముందే తెలుసు. ఫ్లెక్సీ చింపలేదు. అన్నతో కొట్లాడి ఇంటికి వచ్చి పడుకున్నాను.

ఉర్దూ టీచర్ కూడా వచ్చింది. పదవీ విరమణ అయి రెండేళ్లయింది, మోకాళ్ల నొప్పులు, అయినా సిద్దిపేట నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చింది. ఫ్లెక్సీ ముందు ఆగి చదువుకుంది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఆమె నా చేయి పట్టుకుని, "ఉష అంటే తెల్లారుడు కద టీచర్, సుబహ్. ఇదీ మంచి పేరే," అంది.

ఆమె నన్ను ఆదుకోవడానికే అంది. అందుకే నాకు ఇంకా మండింది. అవమానం జరిగింది ఆమె భాషకు, మమ్మల్ని ఓదార్చాల్సింది ఆమేనా? పప్పు, అన్నం రెండు ముద్దలు తిని, అవ్వ ఫోటోకు దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను ఫోన్ చేస్తే మాట్లాడుతుంది గాని పేర్ల ముచ్చట మాత్రం తీయదు. నేనూ తీయలేకపోతున్నాను.

నాలుగు నెలల తర్వాత మా అన్న మా ఇంటికి వచ్చాడు. దినాల తర్వాత అదే రావడం. చేతిలో ప్లాస్టిక్ కవరు. ఊళ్లో మా చెలక అవ్వ పేరు మీద ఉంది. దాన్ని మా పేర్ల మీదికి మార్చాలంటే మరణ ధ్రువపత్రం కావాలి. మా అన్న చావు నమోదు చేయించినప్పుడు ఆఫీసులో రాసిచ్చిన కాగితం మీద కూడా ఉష అనే రాశాడట. వాళ్లు అట్లాగే ఎక్కించారు. ఇప్పుడు పాసుపుస్తకంలో ఉన్న మనిషి బతికే ఉంది, చనిపోయిన మనిషికి చెలక లేదు.

"ఇద్దరు ఒక్కరే అని అఫిడవిట్ ఇస్తే అయిపోతదట," అన్నాడు అన్న. కవరులోంచి కాగితం తీశాడు. "నువ్వొక సంతకం పెట్టు."

కాగితం చదివాను. ఫలానా ఉష అనబడే ఆమెకు పుట్టుకతో వచ్చిన మరో పేరు ఇది అని రాసి ఉంది. అసలు పేరు "మరో పేరు" అయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలో పెట్టాను.

"నేను పెట్టను."

"నీ వాటా గూడ ఉన్నది గద అండ్ల!"

"ఉండనియ్యి. గడ్డి మొలవనియ్యి. పోయి సర్టిఫికెట్ సరిచేయించు. నేనొస్త నీ వెంబడి. ఆడ అవ్వ పేరు నీ నోటితోని నువ్వే చెప్పాలె."

వారం రోజులు కబురు లేదు. తర్వాత ఫోన్ చేసి, రేపు పదింటికి రమ్మన్నాడు.

ఆఫీసులో కిటికీ ముందు పదిహేను మంది ఉన్నారు. మా వంతు వచ్చింది. అవతల కూర్చున్న ఆమె దరఖాస్తు చూసి, "అసలు పేరు సరిగ్గ చెప్పుండ్రి, ఒక్కొక్క అక్షరం," అంది. అన్న కాగితం ముందుకు జరిపాడు. "రాసి ఉంది గద మేడమ్."

"నోటితోని చెప్పుండ్రి సార్. మళ్ల తప్పు పడితే మమ్మల్ని అంటరు."

మా అన్న నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. గొంతు సవరించుకుని చెప్పాడు. మొదటిసారి సరిగ్గా వినబడలేదు. ఆమె మళ్లీ అడిగింది. రెండోసారి గట్టిగా చెప్పాడు. హ తో సహా, ఒక్కొక్క అక్షరం. వెనక వరసలో ఎవరో తల ఎత్తి చూశారు. ఆమె టైపు చేసి, "మీ అమ్మగారా? మాది రాయపోల్ సైడు, మా నాయినమ్మది గూడ గిదే పేరు," అంది, మామూలుగా, ఫారం మీద ముద్ర కొడుతూ.

బయటికి వచ్చి ఎవరి బండి వాళ్లు తీసుకున్నాం.

ఇప్పుడు సర్టిఫికెట్ మీద సరైన పేరు ఉంది. చెలక మా పేర్ల మీదికి వచ్చింది. అందరూ సర్దుకుపొమ్మంటున్నారు, అన్న ఒప్పుకున్నాడు కదా అంటున్నారు. ఒప్పుకోలేదు. భూమి కోసం పలికాడు. అన్న ఇంట్లో హాలు గోడ మీద అవ్వ ఫోటో ఉంది, దాని కింద ఇప్పటికీ ఉష అనే ఉంది. వాళ్ల పిల్లలు రేపు తమ పిల్లలకు ఆ పేరే చెప్తారు. ఆ ఫోటో చట్రం మార్చేదాకా ఆ గడప తొక్కనని వదినకు చెప్పాను. ఏడాది కావస్తోంది. తొక్కలేదు.